ఇరుకు స్థలము, యెరవు గొడ్డలి

వాక్యభాగము: 2 రాజులు 6:1–7





ఇంటరు పరీక్షల ఫలితములు వచ్చి, కాలేజీలలో చేరు దినములు సమీపించినప్పుడు మన గ్రామములలో ఒక కలవరము పుట్టుచుండును. సీటు దొరకునా అనునది మొదటి చింత. సీటు దొరికిన తరువాత పిల్లవాడు ఎక్కడ ఉండును, ఎవరితో ఉండును, ఏమి తినును అనునది రెండవ చింత. మొదటిదానిని గూర్చి మనము ఆరాధనలో ప్రార్థన విన్నపములు ఇచ్చుచున్నాము. రెండవదానిని తల్లులు మాత్రము రాత్రులు మేలుకొని మోయుచున్నారు. ఈ నెల మనమందరము కలిసి ఆ రెండవ చింతను దేవుని వాక్యపు వెలుగులో ఉంచి చూతము.

వేగావతి ఒడ్డున ఉన్న మన సాలూరు 1950లో శ్రీకాకుళము జిల్లాలో చేరినది. 1979 నుండి విజయనగరము జిల్లాలో ఉండినది. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. జిల్లా పేరు మారినను చదువు కొరకు మన పిల్లలు దిగిపోవు దారి మారలేదు. రామభద్రపురము, గజపతినగరము మీదుగా విజయనగరమునకు, అక్కడనుండి విశాఖపట్టణమునకు పోవుచున్నారు. విశాఖలో 1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్నది. విజయనగరమునకు చేరువలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము తరగతులు ఆరంభించెను. 2022లో అక్కడి ఇంజనీరింగు కాలేజీ గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమాయెను. చదువు మనకు దగ్గరకు వచ్చుచున్నందుకు దేవునికి స్తోత్రము. అయినను మన పల్లెలనుండి పిల్లలు దినదినము పోయి రాలేరు. ఎక్కడనో తల దాచుకొనవలసినదే. పరాయివారితో ఒక గదిలో బ్రదుకవలసినదే.

పెద్దల కాలమున పట్టణములో చదువుకొను బీద పిల్లలు కొందరు వారములు చేసికొనెడివారు. సోమవారము ఒక ఇంట, మంగళవారము వేరొక ఇంట భోజనము చేసి, దయగలవారి వసారాలో పండుకొని చదివిరి. గురజాడ అప్పారావుగారు (1862–1915) చిన్నతనమున తండ్రిని పోగొట్టుకొని విజయనగరములో చదువుకొనునప్పుడు, మహారాజావారి కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆయనకు ఉచితముగా వసతియు భోజనమును కల్పించిరి. ఒక గురువు తన తలుపు తెరచుటవలన ఒక పిల్లవాని చదువు నిలిచెను. ఆ చదువువలన తెలుగు దేశమంతయు మేలు పొందెను. అయితే అట్టి తలుపులు అందరికిని తెరువబడలేదు. కులమునుబట్టి వెలుపల నిలువబడిన మన తాతలకు మిషను బోర్డింగులే ఆశ్రయమాయెను. ఒక చాప, ఒక కంచము, ఒక దీపము ఎంత గొప్ప ఈవియో మన సంఘములకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వాక్యభాగమును చూతము. ఎలీషా ప్రవక్త దినములలో ప్రవక్తల శిష్యులు కలిసి నివసించుచుండిరి. వారిది నేటి మాటలో చెప్పవలెనంటే విద్యార్థుల వసతిగృహమే. రాజుల రెండవ గ్రంథమును నాలుగవ అధ్యాయమునుండి చదివినయెడల ఆ వసతిగృహపు కష్టములన్నియు కనబడును. అప్పు చేసి చనిపోయిన ఒక శిష్యుని భార్య అక్కడ ఏడ్చుచున్నది. కరవు దినములలో అందరికిని ఒకటే కూరకుండ పొయ్యిమీద ఉన్నది. ఆరవ అధ్యాయములో స్థలము చాలలేదు. పరిశుద్ధ గ్రంథము ఇట్టి సంగతులను చిన్నవని విడిచిపెట్టలేదు. అద్దె గదియు, వంటకుండయు, యెరవు వస్తువును దేవుని కన్నులయెదుట ఉన్నవని మనకు తెలియజేయుటకే అవి వ్రాయబడినవి.

1. వారు పెద్దను వెంట తీసికొనిపోయిరి

స్థలము ఇరుకైనప్పుడు ఆ శిష్యులు చేసిన మొదటి పని చూడుడి. వారు లోలోపల సణుగుకొనలేదు. ఒకరికి చెప్పక ఒకరు వేరొక చోటు వెదకుకొనలేదు. తమ గురువునొద్దకు వచ్చి తమ ఇబ్బంది చెప్పి, యొర్దాను ఒడ్డున కట్టుకొందుమని సెలవడిగిరి. ఆయన పొండని చెప్పినప్పుడు, వారిలో ఒకడు ఆయనను తమతో కూడ రమ్మని వేడుకొనెను. ఆయన వారితో పోయెను.

తలిదండ్రులారా, ఈ మాట మీది. పిల్లవాని చేతికి డబ్బిచ్చి బస్సెక్కించుటతో మీ పని తీరలేదు. కూలి ఒక దినము పోయినను సరే, మీరు పోయి చూడుడి. చదువురాని తండ్రి ఏమి చూడగలడని అనుకొనవద్దు. పశువును కొనునప్పుడు పండ్లు పట్టి చూచు మనకు గదిని చూచుట రాదా? పగలు ఒకసారి, చీకటిపడిన తరువాత ఒకసారి చూడుడి. కుళాయిలో నీళ్లు ఏ వేళ వచ్చునో, ఎందరికి ఒక మరుగుదొడ్డియో అడుగుడి. తలుపు గడియలు సరిగా పడునా, దారిలో దీపములున్నవా, కాలేజీనుండి ఎంత దూరము నడువవలెనో చూడుడి. ఆడపిల్లలను పంపువారు రాత్రి వేళ గేటుకడ ఎవరుందురో, ఆపద వచ్చినప్పుడు ఎవరికి ఫోను చేయవలెనో తెలిసికొనక తిరిగి రావద్దు. అక్కడ అంతకుముందే ఉన్న పిల్లలతో ఒక పావుగంట కూర్చుండి, తిండి ఎట్లుండును, యజమాని ఎట్టివాడు అని అడిగినయెడల, బోర్డుమీద వ్రాసినదానికంటె ఎక్కువ తెలియును.

అడ్వాన్సు ఇచ్చినప్పుడు రసీదు పుచ్చుకొనుడి. గది విడిచినప్పుడు ఆ సొమ్ములో ఎంత తిరిగి ఇత్తురో, ఎన్ని దినముల ముందుగా చెప్పవలెనో కాగితముమీద వ్రాయించుకొనుడి. చేరిన దినముననే కరెంటు మీటరు అంకె వ్రాసి ఉంచుడి. ఇది అపనమ్మకము కాదు. అబ్రాహాము తన భార్యను సమాధిచేయుటకు మక్పేలా పొలమును కొన్నప్పుడు, ఊరివారందరి యెదుట వెండి తూచి ఇచ్చెను (ఆదికాండము 23). విశ్వాసులకు తండ్రి అయినవాడే సాక్షుల యెదుట వ్యవహరించెను.

ప్రైవేటు హాస్టలునో అద్దె గదినో వెదకుటకు ముందు, ప్రభుత్వ సంక్షేమ హాస్టలులోనో కాలేజీ హాస్టలులోనో చోటున్నదేమో తెలిసికొనుడి. వసతి, భోజనముల ఖర్చు కొరకు బీద విద్యార్థులకు సహాయము చేయు పథకములు ప్రభుత్వములు పెట్టుచుండును. 2020 ఫిబ్రవరిలో మన విజయనగరములోనే వసతి దీవెన అను పథకము ఆరంభించబడి, డిగ్రీ మొదలు పైచదువులవారికి సంవత్సరమునకు 20,000 రూపాయలు తల్లుల ఖాతాలో వేయు ఏర్పాటు జరిగెను. పథకముల పేర్లును నియమములును మారుచుండును గనుక, ఈ యేడు ఏమున్నదో కాలేజీ ఆఫీసులో అడిగి, కాగితములు వేళకు ఇయ్యుడి. అడుగుటకు సిగ్గుపడి చదువు పోగొట్టుకొనువారు మనలో ఉండకూడదు.

2. ఎవరితో ఉండవలెను?

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును బబులోనులో మూడు సంవత్సరములు చదువుటకు నియమింపబడిరి. అది నేటి డిగ్రీ చదువు ఎంతయో అంతే. దేశము క్రొత్తది, భాష క్రొత్తది, తిండి క్రొత్తది, పెట్టిన పేర్లు సహితము క్రొత్తవి. అయినను ఆపద వచ్చిన రాత్రి దానియేలు తన యింటికి పోయి ఆ ముగ్గురికి సంగతి తెలియజేసి, దేవుని కనికరము అడుగవలెనని చెప్పగలిగెను (దానియేలు 2:17, 18). ఆపద చెప్పుకొనదగినవాడు గదిలో ఒక్కడున్నను ఆ గది మంచిదే. గోడలకు క్రొత్త రంగు, కిటికీకి తెర లేకపోయినను ఆ లోటు తీరును. తోడు లేని లోటు వేరొకదానితో తీరదు.

అయితే మన పిల్లలకు దొరకు తోడివారందరు మన సంఘమువారు కారు. హిందువులు, ముస్లిములు, ఏ దేవుని నమ్మనివారు కూడ ఉందురు. అట్టివారితో ఉండవచ్చునా అని కొందరు తలిదండ్రులు మమ్మును అడుగుచుందురు. ఉండవచ్చును. పిల్లవాడు అబద్ధమాడనివాడా, సొమ్ము విషయములో నమ్మదగినవాడా, త్రాగుడు జోలికి పోనివాడా, చదువునందు మనసున్నవాడా అని చూడుడి. ఈ గుణములున్నవానిని వేరొక మతమువాడని త్రోసివేసి, ఈ గుణములు లేనివానిని మనవాడని చేర్చుకొనుట వివేకము కాదు.

ఇంకొక బాధ ఉన్నది. గది అడుగ పోయినప్పుడు ఇంటివారు పేరడిగి, ఊరడిగి, ఆ తరువాత మీరేమిట్లు అని అడుగుదురు. మన పిల్లలలో కొందరు ఆ ప్రశ్నకు తల వంచుకొని వెనుకకు తిరిగిరి. కొందరు వేరొక కులము పేరు చెప్పి లోపల చేరిరి. ప్రియమైన యౌవనులారా, ఆ ప్రశ్నలోని పాపము మీది కాదు, అడిగినవారిది. మీరు సిగ్గుపడవలసినదేమియు లేదు. అయినను అబద్ధముతో తెరచిన తలుపును దినదినము అబద్ధముతోనే నిలువబెట్టవలసి వచ్చును. ఊరినుండి తల్లి వచ్చినను భయము, ఆదివారము బైబిలు చేతపట్టుకొని పోవుటకును భయము. అట్టి ఇంట నిద్ర పట్టదు. నిజము చెప్పి నాలుగు వీధులు ఎక్కువ తిరుగుట మేలు.

మన యింటిలోని సంగతి కూడ చూచుకొనవలెను. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండి, తనవారు కొందరు వచ్చినప్పుడు భయపడి వెనుకతీసెను. పౌలు అందరి యెదుట ఆయనను గద్దించెను (గలతీ 2). పట్టణములో ఇంటి వాటా అద్దెకిచ్చు విశ్వాసులారా, మీరును కులమడిగి తలుపు తీయుచున్నారా? అట్లయితే ఆ గద్దింపు మీకును వచ్చినది. మనలో మైదానపు పిల్లలు జాతాపు, సవర, గదబ, కొండదొర పిల్లల మాట విని నవ్వుట కూడ వినుచున్నాము. మన పిల్లల మాటను పట్టణమువారు వెక్కిరించినప్పుడు మనకు నొప్పి కలుగును గదా? ఒక్క అక్షరము సరిగా పలుకలేదని యొర్దాను రేవులకడ ఎఫ్రాయిమీయులను చంపిన కథ న్యాయాధిపతుల గ్రంథములో ఉన్నది (12:6). నవ్వు కత్తి కాకపోయినను, కొండలనుండి దిగివచ్చి తన యింటిలో మొట్టమొదట కాలేజీ గడప త్రొక్కిన పిల్లను అది మరల కొండకు తరిమివేయగలదు.

3. ఒక్కొక్కడు ఒక్కొక్క దూలము

ఆ శిష్యుల మాటలో మాకు మిక్కిలి ప్రియమైనది ఇదే. మనలో ఒక్కొక్కడు ఒక్కొక్క దూలము తెచ్చుకొందుమని వారు చెప్పుకొనిరి. బలముగలవాడు నాలుగు తేవలెననియు, పెద్దింటివాడు ఊరకుండవలెననియు లేదు. దూలము మోయని వానికి ఆ కప్పుక్రింద నీడ ఉండవచ్చును గాని, తోడివారి హృదయములలో చోటుండదు.

మన సాలూరు లారీలకు పేరు పొందిన ఊరు. ఘాటీ ఎక్కి ఒడిషా మీదుగా రాయపూరు వరకు పోవు డ్రైవరును క్లీనరును చూడుడి. ఒకటే కేబిను, అదే ఇల్లు, అదే మంచము. ఒకడు నడుపునప్పుడు ఒకడు మేలుకొని మలుపు చూచుచుండును. ఒకడు అన్నము వండునప్పుడు ఒకడు చక్రములు తట్టి చూచును. ఎవరి పని వారు ఎరుగుదురు గనుక బండి సాగుచున్నది. ఇద్దరును నిద్రపోయినచో బండి లోయలోనే.

గదిలోను అట్లే. చీపురు ఎవరు పట్టవలెను, నీళ్లు ఎవరు నింపవలెను, చెత్త ఎవరు పారవేయవలెను, మరుగుదొడ్డి ఎవరు కడుగవలెను అని మొదటి వారముననే మాటలాడుకొని, గోడకు కాగితము అంటించుకొనుడి. కోపము వచ్చిన తరువాత పెట్టుకొను నియమము దెబ్బలాటవలె ఉండును. ముందుగా పెట్టుకొనునది స్నేహమువలె ఉండును. ఇంటివద్ద అక్కచెల్లెండ్రు చేసిపెట్టగా తిని లేచిన మగపిల్లలకు ఈ మాట మరి ఎక్కువగా చెప్పుచున్నాము. మన ప్రభువు నడుము కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఆయన శిష్యుడు తాను తినిన కంచము కడుగలేడా?

లెక్కలు కూడ దూలములే. నలుగురు కలిసి ఒక వాటా తీసికొనిరనుకొందము. అద్దె నెలకు 8,000 రూపాయలు, తలకు 2,000. ఆ నెల వంట ఖర్చు 6,000. ఇద్దరు ముప్పదేసి దినములు తినిరి, మూడవవాడు 25 దినములు, పండుగకు ఇంటికి పోయిన నాలుగవవాడు 15 దినములు. సగము నెల లేను గనుక అద్దెయు సగమే ఇత్తునని అతడనును. వంటలో సహితము సమభాగము ఇమ్మని మిగిలినవారందురు. ఇద్దరిదియు న్యాయము కాదు. అద్దె చోటుకు గనుక, ఉన్నను లేకున్నను సమానముగా ఇయ్యవలెను. భోజనము దినములకు. మొత్తము 100 దినముల తిండికి 6,000 అనగా దినమునకు 60. ఆ లెక్కన ఇద్దరు 1,800 చొప్పున, ఒకడు 1,500, ఒకడు 900 ఇయ్యవలెను. ఒక పుస్తకములో దినదినము వ్రాసికొన్నచో పది నిమిషములలో తేలు పని. వ్రాయకపోయినచో మూడేండ్ల స్నేహమును చెరుపు పని. కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండునని ప్రభువు చెప్పినది ఇట్టి పుస్తకములయందే పరీక్షింపబడును.

మరియొక సంగతి వినిన మీరు నవ్వుకొందురేమో. వేకువనే లేచి పెద్ద గొంతుతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సామెతల గ్రంథము చెప్పుచున్నది (27:14). గదిలో మన పిల్లవాడు నాలుగు గంటలకు లేచి బిగ్గరగా పాడి ప్రార్థించుట సాక్ష్యమని తలంచుచున్నాడు. రాత్రి రెండు గంటలవరకు చదివి పండుకొన్న తోడివాడు ఏమనుకొనును? తలుపు వేసికొని రహస్యమందు ప్రార్థించుమని ప్రభువు నేర్పెను. వేరే గది లేనివానికి మేడ మెట్లున్నవి, పెదవులు మాత్రము కదల్చి స్వరము వినబడకయే ప్రార్థించిన హన్నా మాదిరి ఉన్నది. అట్లే తోడివాడు తన పూజ చేసికొనునప్పుడు మనము ఫోనులో పాట పెట్టరాదు. దీపము ఎన్ని గంటలకు ఆర్పవలెను, చుట్టములను గదికి ఎప్పుడు పిలువవచ్చును అని ముందుగా ఒప్పందము చేసికొనుట ప్రేమకు తక్కువ పని కాదు.

4. కుండలో విషమున్నప్పుడు

కరవు దినములలో ఒక శిష్యుడు పొలములోనికి పోయి, గుణమెరుగని వెర్రి తీగె కాయలు ఒడినిండ తెచ్చి కూరకుండలో తరిగివేసెను (2 రాజులు 4:38–41). అతనికి దురాలోచన లేదు. అందరి ఆకలి తీర్చవలెనని తెచ్చెను. తినబోవుచుండగా కొందరు, కుండలో మరణమున్నదని కేక వేసిరి. ఆ కేక వలన అందరు బ్రదికిరి.

గదిలో ఒకడు గంజాయి తెచ్చినయెడల ఆ కుండ అందరిది. 1985 నాటి మత్తుమందుల చట్టము ప్రకారము గంజాయి దగ్గర ఉంచుకొనుట నేరము. తెలిసియుండి తన గదిని అట్టి పనికి వాడుకొననిచ్చుటయు నేరమే. నేను త్రాగలేదు, నా మంచము వేరు అని చెప్పినంత మాత్రమున తప్పించుకొనలేము. మన మన్యపు దారులవెంట ఈ సరకు మోయుటకు చదువుకొను పిల్లలకు డబ్బు ఆశ చూపువారున్నారు. ఒక సంచి ఆ ఊరిలో ఇచ్చి రమ్మని ఎవరడిగినను, సంచిలో ఏమున్నదో తెలియనిచో ముట్టవద్దు.

ర్యాగింగు కూడ కుండలోని విషమే. మన రాష్ట్రములో 1997లోనే దానిని నిషేధించు చట్టము వచ్చెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికిని కఠినమైన నియమములు చేసెను. ఏ వేళనైనను 1800-180-5522 అను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. బిడ్డలారా, దెబ్బలు తిని, అవమానము పడి, తలిదండ్రులు బాధపడుదురని దాచుకొనవద్దు. మీరు చెప్పినప్పుడు వారికి కలుగు బాధ చిన్నది. కేక వేయువాడు పిరికివాడు కాడు. ఆ దినమున కేక వేసినవారే తోడివారిని బ్రదికించిరి.

అయితే ఇదియు చూడుడి. ఎలీషా ఆ కాయలు తెచ్చినవానిని వెళ్లగొట్టలేదు. పిండి తెప్పించి కుండలో వేసి, జనులకు వడ్డించుమనెను. చెడు మార్గమున అడుగుపెట్టిన తోడివానిని చూచినప్పుడు, కుండను గూర్చి కేక వేయవలెను, మనిషిని బ్రదికింప వెదకవలెను. వార్డెనుకు చెప్పవలసినది చెప్పుడి. ఆ తరువాత వానితో కూర్చుండి ఒక ముద్ద తినుడి.

5. గొడ్డలి యెరవుది

దూలము నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. వెంటనే అతడు గురువునకు మొరపెట్టుకొని, అది యెరవు తెచ్చినదని చెప్పెను. గొడ్డలి పోయినదని మాత్రమే కాదు, అది తనది కాదని అతని దుఃఖము. ఇట్టి దుఃఖము నేడు తక్కువైనది. తోడివాని బండి తీసికొనిపోయి గీత పడిన తరువాత, చీకటిలో నిలిపి ఊరకుండువారు ఎందరు! యెరవు తెచ్చిన లాప్‌టాపుమీద టీ ఒలికినప్పుడు, అది ముందే పాడైయున్నదనువారు ఎందరు! ధర్మశాస్త్రము, యెరవు తెచ్చినది చెడిపోయినయెడల దాని నష్టము అచ్చుకొనవలెనని ఆజ్ఞాపించెను (నిర్గమకాండము 22:14).

ఎలీషా మొదట అడిగినది, అదెక్కడ పడెను అని. అతడు ఆ స్థలము చూపించెను. దాచినచో ఇనుము నీటి అడుగుననే ఉండును. చోటు చూపినచోట దేవుని కృప పని చేసెను, ఇనుము తేలెను. తేలిన తరువాత సహితము ప్రవక్త తానే తీసి ఇయ్యలేదు. నీవే తీసికొనుమనెను, అతడు చెయ్యి చాపెను. మొరపెట్టుట, చోటు చూపుట, చెయ్యి చాపి తీసి యజమానికి తిరిగి ఇచ్చుట – ఈ మూడును కలిసినదే క్రైస్తవుని పశ్చాత్తాపము. పట్టణములో ఎన్ని ప్రసంగములు చేసినను, పాడైన వస్తువును గూర్చి సాయంకాలమే వచ్చి, అన్నా, ఇది నా చేతిలో పాడైనది, నెలనెల కొంత ఇచ్చి తీర్చెదనని చెప్పుటకంటె గొప్ప సాక్ష్యము ఆ గదిలో వినబడదు.

అప్పును గూర్చి ఒక్క మాట. ఆ వసతిగృహమువాని విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు అప్పులవాడు వచ్చెను. నేడు ఆ అప్పులవాడు ఫోనులోనే కూర్చున్నాడు. నిమిషములో సొమ్ము ఇచ్చి, వారములో వడ్డీ పెంచి, చుట్టములందరికి ఫోను చేసి పరువు తీయును. నెల చివర చేతిలో రూపాయి లేనప్పుడు ఆ గుంటలో దిగుటకంటె, నాయనా, డబ్బు అయిపోయినదని ఇంటికి ఫోను చేయుట మేలు. తండ్రులారా, ఆ ఫోను వచ్చినప్పుడు మొదట తిట్టకుడి. మీరు తిట్టుదురను భయమే పిల్లలను ఆ అప్పులవానియొద్దకు నడిపించుచున్నది.

6. విడిపోవలసి వచ్చినప్పుడు

ఎంత ప్రయత్నించినను కొందరు కలిసి ఉండలేరు. అబ్రామును లోతును మంచి కుటుంబమువారే. అయినను ఆ ప్రదేశము వారిద్దరికి చాలకపోయెను. పెద్దవాడే ముందుగా మాటలాడి, కలహము వద్దని చెప్పి, ఏ వైపు కావలెనో కోరుకొమ్మని చిన్నవానికి విడిచిపెట్టెను (ఆదికాండము 13). గది మారుట పాపము కాదు. నెల ముందుగా చెప్పి, లెక్క తీర్చి, తన చోటు ఊడ్చి, చేతులు పట్టుకొని వందనము చెప్పి వెళ్లుడి. తరువాత లోతు చెరపట్టబడినప్పుడు అబ్రామే పరుగెత్తి విడిపించెను. మంచిగా విడిపోయినవాడే తరువాత సహాయమునకు రాగలడు.

సంఘమునకు మనవి

సంఘ పెద్దలారా, పిల్లవానిని బలిపీఠము ముందర నిలిపి ప్రార్థించి పంపుట మంచిది. అది చాలదు. ఎవరి బిడ్డ ఏ ఊరిలో, ఏ హాస్టలులో ఉన్నదో ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడి. విశాఖకు ఆసుపత్రి పనిమీదనో సరకు పనిమీదనో పోవు మనవారు ఒక గంట ఆగి, మన పిల్లలను చూచి, అమ్మ పంపిన చోడి పిండి చేతికిచ్చి రావచ్చును. ముప్పది యేండ్ల తరువాత ఆ బిడ్డ ప్రసంగము మరచిపోవును. ఆ మూట మరచిపోదు. పట్టణములో చోటుగలవారు ఒక గదిని న్యాయమైన అద్దెకు మన్యపు పిల్లలకు ఇచ్చినచో, షూనేములో ఎలీషాకు మేడగది కట్టి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచిన ఆ తల్లి వంశములో చేరుదురు (2 రాజులు 4:10).

యౌవనులారా, మీరు కోరుకొన్న గది దొరకకపోవచ్చును. కోరుకొన్న తోడివారును దొరకకపోవచ్చును. స్థలము ఎప్పుడును కొంచెము ఇరుకుగానే ఉండును. అయితే నా దూలము నేను మోయుదునని చెప్పువాడు ఒక్కడు చేరినను ఆ ఇరుకు గదిలో ఊపిరి ఆడును. పశువుల తొట్టిలో పండుకొనుటకు ఒప్పుకొని, తల వాల్చుకొనుటకు చోటు లేక తిరిగి, తన తండ్రి యింట మన కొరకు అనేక నివాసములు సిద్ధపరచుచున్న ప్రభువు ఆ గదిలో మీతో కూడ ఉండును గాక.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, చదువు కొరకు ఇండ్లు విడిచిన మా కుమారులను కుమార్తెలను నీ చేతులకు అప్పగించుచున్నాము. వారికి క్షేమమైన కప్పును, సత్యముగల తోడివారిని దయచేయుము. తమ దూలము తాము మోయు బలమును, తప్పు జరిగిన చోటు చూపు ధైర్యమును, కుండలో విషమున్నప్పుడు కేక వేయు గొంతును వారికిమ్ము. ఇండ్లుగల మా హృదయములను తెరువుము. రాత్రులు మేలుకొని చింతించు తల్లులకు నిద్ర ననుగ్రహించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.